‘సత్య’లో భీకూకి ఇల్లుంది, ఖండిల్కర్‌కి ఎందుకు లేదు?

సాయంకాలం ఆట | జనవరి 20, ఉదయం 7:40

ముంబయి ముఠాల మీద రామ్ గోపాల్ వర్మ తీసిన హిందీ సినిమా ‘సత్య’ను 2025 జనవరి 17న మళ్ళీ థియేటర్లలో విడుదల చేశారు. నిన్న రాత్రి ఆటకు వెళ్ళి చూసి, నవీ ముంబయిలో ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. హాల్లో నాతో కలిపి పదిహేను మందికి మించి లేరు, వారిలో సగం మంది ఈ సినిమా మొదటిసారి వచ్చిన 1998 జులైకి పుట్టి కూడా ఉండరు.

అప్పట్లో నేను చూసింది ముఠా నాయకుడు భీకూ మ్హాత్రేని. అందరమూ అతడినే చూశాం. నిన్న మాత్రం ఎందుకో నా కళ్ళు ఇన్‌స్పెక్టర్ ఖండిల్కర్‌ను వెంబడించాయి. భీకూకి ఒక ఇల్లుంది, పిల్లలున్నారు. భార్య ప్యారీ అతడి మీద అరుస్తుంది, అతడు చెయ్యి చేసుకుంటే ఆమె తిరిగి ఒకటి వేస్తుంది. అతడి ముఠాలోని కల్లూ మామ బృందానికి తాగి పాడుకోవడానికి ఒక గది ఉంది. ఎక్కడి నుంచి వచ్చాడో ఎవరికీ తెలియని సత్యకు కూడా ఒక ఖోలీ (చిన్న గది), ఎదురింట్లో విద్య, మంచం పట్టిన ఆమె తండ్రి ఉన్నారు. ఖండిల్కర్‌కి మాత్రం ఠాణా, జీపు, తుపాకీ తప్ప మరేమీ ఉన్నట్టు నాకు కనిపించలేదు.

హత్య వార్త విన్నప్పుడు, చంపినవాడు ఆ పొద్దున ఎన్నింటికి నిద్ర లేచి ఉంటాడు, టిఫిను చేసి వెళ్ళాడా, పని ముగించుకుని వచ్చి చేశాడా అనే ఆలోచనలోంచే ఈ కథ మొలిచిందని రామ్ గోపాల్ వర్మ చాలాసార్లు చెప్పుకున్నారు. అంత మంచి ప్రశ్నను హంతకుడి గురించి వేసిన మనిషి, ఆ హంతకుడిని కాల్చిన పోలీసు గురించి ఎందుకు వేయలేదు? మతిమరుపా, డబ్బు చాలకా, లేక కావాలనే వదిలేశారా? సభ్యుల అభిప్రాయం తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

రెండో రీలు | జనవరి 20, ఉదయం 10:15

డబ్బు సంగతి ముందు తేల్చుకుందాం. సుమారు రెండు కోట్ల రూపాయల్లో తీసిన సినిమా అని అందరూ రాస్తారు. ఆ రోజుల్లో హిందీలో పెద్ద హీరోతో తీసే సినిమాకు అది ఒక మూలకు కూడా సరిపోదు. కానీ ఎడిటింగు గదిలో పనిచేసినవాడిగా నేను చెప్పేదేమిటంటే, డబ్బు లేకపోవడం వల్ల ఈ సినిమా కోల్పోయినదాని కంటే సంపాదించుకున్నదే ఎక్కువ.

తారల జాబితా చూడండి. అప్పటికి ప్రేక్షకుడికి బాగా తెలిసిన ముఖాలు రెండే. ఒకటి ‘రంగీలా’ తర్వాతి ఊర్మిళ, రెండోది కమిషనర్ ఆమోద్ శుక్లాగా వేసిన పరేశ్ రావల్. మిగిలినవాళ్ళు నాటకాల నుంచి, చిన్న వేషాల నుంచి వచ్చినవాళ్ళు. మనోజ్ బాజ్‌పాయ్ అంతకు ముందు ‘దౌడ్’లో చిన్న పాత్ర వేశాడు. సౌరభ్ శుక్లా అయితే అనురాగ్ కశ్యప్‌తో కలిసి కథ రాస్తూ, కల్లూ మామ వేషం కూడా వేశాడు. పెద్ద హీరో ఉన్న సినిమాలో ఎవరు బతుకుతారో టికెట్టు కొన్నప్పుడే తెలిసిపోతుంది. ఇక్కడ ఆ భరోసా ఎవరికీ లేదు. విందుకు పిలిచి, నవ్వుతూ మాట్లాడుతూ రాజకీయ నాయకుడు భావూ భీకూని కాల్చేసే చోట హాలంతా ఒక్కసారిగా స్తంభించిపోవడానికి కారణం అదే. అంతకు ముందే తెలిసిన ముఖమైన కమిషనర్‌ను కూడా నడిరోడ్డు మీద పడగొట్టేశారు కాబట్టి ఇక ఎవరికీ రక్షణ లేదని మన మనసు అప్పటికే గ్రహించి ఉంటుంది, అయినా భీకూ దగ్గర నమ్మలేకపోతాం.

కెమెరా పని అమెరికా నుంచి వచ్చిన జెరార్డ్ హూపర్, మన మజహర్ కమ్రాన్ పంచుకున్నారు. వర్షం, ఇరుకు సందు, సగం వెలుగుతున్న గది కనిపిస్తే వాటిని దాచకుండా అలాగే తీశారు. సెట్టు వేసే స్తోమత ఉన్నవాళ్ళు ఆ గోడల చెమ్మను పట్టుకోలేరు.

అయితే ఖండిల్కర్ ఇంటికి ఒక గది, ఒక నటి, ఒక పూట షూటింగు చాలు. కాబట్టి అది డబ్బు లేక వదిలేసింది కాదని నా నమ్మకం.

నల్లకోటు | జనవరి 20, మధ్యాహ్నం 2:05

ఈ ప్రశ్నకు జవాబు సినిమాలో కన్నా, సినిమా వచ్చిన కాలంలో వెతకడం మంచిది.

ఉగ్రవాదాన్ని అణచడానికి తెచ్చిన టాడా చట్టం 1995 మేలో గడువు తీరిపోయింది. వ్యవస్థీకృత నేరాల కోసం మహారాష్ట్ర తెచ్చిన మకోకా 1999లో గానీ రాలేదు. మధ్యలో దాదాపు నాలుగేళ్ళ ఖాళీ. నిందితుడు పోలీసు అధికారి ముందు చెప్పిన ఒప్పుకోలు టాడా కింద కోర్టులో చెల్లేది, తర్వాత మకోకా కింద కూడా ఎస్పీ స్థాయి అధికారి నమోదు చేస్తే చెల్లుతుంది, కానీ ఆ నాలుగేళ్ళలో మామూలు సాక్ష్యాధారాల చట్టమే దిక్కు. సాక్షి భయపడి అడ్డం తిరిగితే కేసు అక్కడితో ముగిసినట్టే. డబ్బు తీసుకుని చేసే సుపారీ హత్యలు మాత్రం ఆగలేదు. కార్మిక నాయకుడు దత్తా సామంత్‌ను 1997 జనవరిలో, క్యాసెట్ల వ్యాపారి గుల్షన్ కుమార్‌ను అదే ఏడాది ఆగస్టు 12న చంపారు. ‘సత్య’ సరిగ్గా ఆ ఖాళీలో తయారైన సినిమా.

ఆ ఖాళీని పోలీసులు దేనితో నింపారో చెప్పడానికి ఒక రికార్డు ఉంది. 1995 నుంచి 1997 వరకు ముంబయిలో జరిగిన సుమారు 99 ఎన్‌కౌంటర్లలో సుమారు 135 మంది చనిపోయారని, వాటిని విచారించాలని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ కోర్టుకెక్కింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2014 సెప్టెంబరు 23న తీర్పు వచ్చింది. ఎన్‌కౌంటర్ మరణం జరిగితే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని, సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ స్వతంత్రంగా దర్యాప్తు చేయాలని, ఘటన జరిగిన వెంటనే సంబంధిత అధికారులకు పదోన్నతులు, శౌర్య పురస్కారాలు ఇవ్వరాదని, ఇలా 16 సూత్రాలు కోర్టు నిర్దేశించింది. సినిమా వచ్చిన పదహారేళ్ళకు అన్నమాట.

అంటే ఖండిల్కర్ చేసే పనిని ఆనాడు ఎవరూ ఇంటిదాకా వెళ్ళి అడగలేదు. సినిమా కూడా అడగలేదు. నేను తప్పు పట్టేది దీన్నే. సినిమాలో ఎన్‌కౌంటర్ వానలా వస్తుంది, పోతుంది. వానను ఎవరూ సంజాయిషీ అడగరు.

వర్లీ మరమగ్గం | జనవరి 20, రాత్రి 9:30

నేను ముంబయిలోని వర్లీ బీడీడీ చాళ్ళలో, అంటే వరుస గదుల ఇరుకు భవనాల్లో, పుట్టి పెరిగాను. మా తాత కరీంనగర్ వైపు నుంచి మిల్లులో నేతపనికి వచ్చినవాడు, మా నాన్న కూడా అదే మిల్లులో చేశాడు. లోయర్ పరేల్, ప్రభాదేవి, వర్లీ వాడల్లో మా పద్మశాలీలు తరాలుగా ఉన్నారన్న సంగతి ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో రెండు లక్షలకు పైగా కార్మికులు మగ్గాలు దిగారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు, ఎండిపోయింది, అంతే. నాన్న తర్వాత ఒక దుకాణంలో లెక్కలు రాశాడు. చాలీలో ఆయన తోటివాళ్ళ కొడుకులు కొందరు వేరే దారి పట్టారు. ఆ దారి ఎలా ఉంటుందో బయటివాళ్ళు అనుకునేంత నాటకీయంగా ఏమీ ఉండదు. మొదట ఎవరో మెట్ల మీద కూర్చుని ఒక సంచీ దాచమంటారు, తర్వాత వినాయక మండపం చందా వసూలుకు రమ్మంటారు, ఆ తర్వాత అదే చేత్తో హఫ్తా (బెదిరించి గుంజే డబ్బు) వసూలుకు పంపుతారు. చందా రశీదు పుస్తకానికీ హఫ్తాకీ మధ్య ఉన్న గీత ఎక్కడ చెరిగిపోయిందో ఆ కుర్రవాడికి కూడా తెలియదు.

అందుకే ‘సత్య’లో నాకు నచ్చినది మీరందరూ మెచ్చుకునే తుపాకులు కాదు. నాకు నచ్చినది ఆ ఖోలీ. ఎదురెదురు తలుపులు తీసే ఉంటాయి, ఒకరి ఇంట్లో కరెంటు పోతే ఇంకొకరికి తెలుస్తుంది, అయినా ఎదురింటివాడు ఏం పనిచేస్తాడో అడగరు. విద్య సత్యను గట్టిగా నిలదీయలేదేమని కొందరు విమర్శిస్తారు. చాలీలో బతికినవాళ్ళకు ఆ విమర్శ వింతగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ అడగకపోవడమే మర్యాద.

పోలీసు ఇంటి విషయానికి వస్తే, బీడీడీ చాళ్ళలో పోలీసు కుటుంబాలూ ఉండేవి. మా వరండాకు రెండు వరుసల అవతల ఒక హవల్దారు కుటుంబం ఉండేది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు గుమ్మం బయట విప్పి, నీళ్ళు వచ్చే వేళ కావడంతో నిద్ర పోకుండా బకెట్లు పట్టుకుని మాతోపాటే వరుసలో నిలబడేవాడాయన. దొంగ సంచీ దాచిన కుర్రవాడూ అదే వరుసలో ఉండేవాడు. ఈ ఒక్క దృశ్యం సినిమాలో ఉంటే సాయంకాలం ఆట గారి ప్రశ్నకు జవాబు దొరికి ఉండేదేమో.

మల్లెతోట | జనవరి 21, ఉదయం 6:50

వర్లీ గారి వ్యాఖ్య చదివి చాలాసేపు ఆలోచించాను. అయినా నల్లకోటు గారితో నేను ఏకీభవించలేను. ‘సత్య’ పోలీసులను అడగలేదని అనడం సరికాదు. థియేటరు సన్నివేశం దగ్గర గట్టిగానే అడిగింది.

ఆ సన్నివేశాన్ని వరుసగా గుర్తు చేసుకోండి. సత్య, విద్య సినిమాకు వెళ్తారు. పాత పగ ఉన్న పక్యా సత్యను చూసి పోలీసులకు ఉప్పందిస్తాడు. ఖండిల్కర్ బలగంతో వచ్చి తలుపులు మూయించి, ప్రేక్షకులందరినీ ఒకే తలుపు గుండా ఒక్కొక్కరిగా బయటికి రమ్మంటాడు, ఆ తలుపు దగ్గర పక్యా గుర్తుపట్టడానికి నిలబడతాడు. కాగితం మీద చక్కటి ఉపాయమే. లోపల వందలమంది ఉన్నారని, వారికి భయం వేస్తే ఆ ఒక్క తలుపు చాలదని ఎవరూ ఆలోచించరు. వరుస ముందుకు జరుగుతుంది, విద్యకు ఏమీ తెలియదు, సత్య ముఖం మాత్రం మెల్లగా బిగుసుకుపోతుంది. ఆఖరికి అతడు ఒక్క గుండు పేల్చడంతో జనం ఒకరిమీద ఒకరు పడతారు, తొక్కిసలాటలో ప్రాణాలు పోతాయి.

ఆ చావులు ఎవరి ఖాతాలో రాయాలి? సత్య ఖాతాలో అనడం సులువు. తలుపులు మూయించినవాడి ఖాతాలో సగం రాయాలని సినిమా చెప్పకుండానే చెబుతుందని నా అభిప్రాయం. ఖండిల్కర్ ఇల్లు చూపించి, అతడికి ఒక చిన్న కూతురిని పెట్టి ఉంటే మనం ఈ లెక్క వేయగలిగేవాళ్ళమా? అతడి మీద జాలితో ఆ తలుపును మర్చిపోయేవాళ్ళం.

నల్లకోటు | జనవరి 21, ఉదయం 11:20

మల్లెతోట గారు చెప్పినది బలమైన వాదన. తలుపుల సంగతిలో నేను వెనక్కి తగ్గుతున్నాను. కానీ ఒక్క విషయం గమనించండి. కమిషనర్‌ను చంపిన తర్వాత కథ పోలీసు వైపు ఎలా ఒరిగిపోతుందో చూడండి. కోర్టులు, హక్కులు అంటూ కూర్చుంటే ఇదే జరుగుతుందన్న భావన ప్రేక్షకుడిలో కుదురుకుంటుంది. ఆ పైన జరిగే ప్రతి కాల్పునూ అతడు ముందే క్షమించి కూర్చుంటాడు.

ఇది సినిమాలకే పరిమితమైన సంగతి కూడా కాదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర దిశ కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం వంతెన మీద నుంచి పోలీసుల పైన పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో ఆ కాల్పులను తప్పుపట్టేసరికి పూలు చల్లిన చేతులు ఎక్కడా కనిపించలేదు. ఆ పూలు ఒక్కరోజులో పూచినవి కావు.

బెజవాడ కాలవగట్టు | జనవరి 21, మధ్యాహ్నం 1:45

పూలు పూయించిన నేరం ఒక్క ‘సత్య’ మీద వేయడం అన్యాయం. వ్యవస్థ మీద వర్మకున్న చూపు మాకు 1989 నుంచీ తెలుసు. ఆయన విజయవాడలో ఇంజనీరింగు చదివిన రోజుల్లో చూసిన కళాశాల రౌడీయిజమే ‘శివ’కు ముడిసరుకు. అందులో రౌడీ భవాని వెనక నాయకుడు మాచిరాజు ఉన్నట్టే ఇక్కడ భీకూ వెనక భావూ ఠాకూర్‌దాస్ ఝావ్లే ఉన్నాడు. రౌడీ ఎదిగి నాయకుడికి బరువయ్యేదాకా వాడుకుంటారు, బరువైన రోజున దించేస్తారు. కమిషనర్ హత్యతో శాంతిభద్రతల మీద జనానికి నమ్మకం పోయి, ఆ కోపం మీద ఎన్నికల్లో గెలిచేది భావూ. గెలిచిన వెంటనే భీకూతో పని తీరిపోతుంది. ఈ లెక్క అర్థమైతే పోలీసూ, రౌడీ ఇద్దరూ ఒకే యజమాని జీతగాళ్ళని తెలుస్తుంది. జీతగాడి ఇల్లు చూపించలేదని బాధపడడం కన్నా, యజమాని ఇంటి విందును అంత నిదానంగా చూపించారని సంతోషించాలి.

ఇంకొక చిన్న ముచ్చట. సత్యగా వేసిన జేడీ చక్రవర్తి ‘శివ’లోనే మనకు పరిచయమైనవాడు. ముంబయికి అతడు కొత్తముఖం. ఎక్కడి నుంచి వచ్చాడో తెలియని మనిషి పాత్రకు, అక్కడి ప్రేక్షకులకు ఎక్కడి నుంచి వచ్చాడో తెలియని నటుడు దొరికాడు. మన వాళ్ళకు మాత్రం ఆ ముఖం వెనక కళాశాల గేటు, సైకిల్ చైను కనిపిస్తూనే ఉంటాయి.

నిర్వాహకుడు | జనవరి 21, మధ్యాహ్నం 3:00

‘శివ’ మీద ఇప్పటికే మూడు చర్చలు నడుస్తున్నాయి కాబట్టి దయచేసి ఇక్కడ ‘సత్య’ మీదనే ఉండవలసిందిగా సభ్యులకు మనవి.

రెండో రీలు | జనవరి 21, రాత్రి 10:40

పోలీసుకు ఇల్లు ఇస్తే ఏమవుతుందన్నది ఊహించుకోవలసిన పని లేదు. 2004లో వర్మ నిర్మాణంలోనే షిమిత్ అమీన్ ‘అబ్ తక్ ఛప్పన్’ తీశాడు. నానా పాటేకర్ వేసిన సాధూ అగాషేకి భార్య ఉంది, ఇల్లుంది, ఇంటి ముచ్చట్లున్నాయి. ఫలితం ఏమిటి? యాభై ఆరు మందిని చంపిన మనిషి మనకు ఆత్మీయుడైపోయాడు. అతడి భార్యను చంపినప్పుడు హాల్లో ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఆ యాభై ఆరింటిలో ఒక్కరి పేరు కూడా నాకు గుర్తు లేదు.

తెర మీద ఇల్లు చూపించడమంటే ప్రేక్షకుడి చేత ఆ ఇంటి ఉప్పు తినిపించడమే. భీకూ ఉప్పు తిన్నాం కాబట్టే అతడు చేసినవన్నీ పక్కన పెట్టి అతడి చావుకు కుమిలిపోయాం. ఆ ఉప్పు ఎంత బలంగా ఎక్కిందంటే, సహాయ నటుడిగా బాజ్‌పాయ్‌కి జాతీయ పురస్కారం వచ్చినా సినిమా అతడిదే అని అందరూ అనుకుంటారు, టైటిల్ పాత్ర ఎవరిదో ఒక్క క్షణం ఆలోచించాలి. చంపినవాళ్ళ మీదా, చనిపోయినవాళ్ళ మీదా సమానమైన కన్నీరే ఉందన్న అర్థం వచ్చే మాటలు చివర్లో తెర మీద పెట్టవలసి రావడం కూడా, ఉప్పు ఎక్కువైందని దర్శకుడికి తెలిసే జరిగి ఉంటుంది.

సాయంకాలం ఆట | జనవరి 22, ఉదయం 8:10

అందరికీ ధన్యవాదాలు. నేను లోపమనుకుని మొదలుపెట్టినది లోపమేనా అని ఇప్పుడు నాకే సందేహం కలుగుతోంది. ఖండిల్కర్ ఇల్లు చూడనందువల్లనే ఆఖరి కాల్పు అంత చల్లగా తగులుతుందేమో. గాయపడిన సత్య తలుపు తీయమని విద్యను బతిమాలుతుంటాడు, ఆమె తీయదు, వెనక నుంచి ఖండిల్కర్ వస్తాడు. ఆ క్షణంలో నాకు సత్య గురించి అంతా తెలుసు, కాల్చేవాడి గురించి ఏమీ తెలియదు. కోపమో, కసో, అలవాటో కూడా తెలియదు. ఆ వివరం తెలియకపోవడమే రాత్రంతా నన్ను నిద్రపోనీయలేదు.

అయినా వర్లీ గారి నీళ్ళ వరుసను మాత్రం వదులుకోలేకపోతున్నాను. ఇల్లు చూపించడం వేరు, వరుస చూపించడం వేరు. వరుసలో నిలబడ్డవాడి మీద జాలి పుట్టదు, గుర్తుపట్టడం మాత్రం మొదలవుతుంది. వర్లీ గారూ, ఆ హవల్దారుకూ ఆ కుర్రవాడికీ తర్వాత ఏమైందో చెప్పగలిగితే చెప్పండి.

వర్లీ మరమగ్గం | జనవరి 22, రాత్రి 11:55

హవల్దారు బదిలీ అయి కుటుంబంతో వెళ్ళిపోయాడు. కుర్రవాడు ఎన్‌కౌంటర్‌లో పోలేదు, సినిమాల్లోలా భాయ్ కూడా కాలేదు. కొన్నాళ్ళు జైల్లో ఉండి వచ్చి, ఇప్పుడు భివండిలో మరమగ్గాల షెడ్డు దగ్గర టీ దుకాణం నడుపుతున్నాడు.

‘సత్య’ వచ్చిన కొత్తలో నాన్ననూ, ఆయనతో మిల్లులో చేసిన మరో ఇద్దరు మనవాళ్ళనూ నేనే తీసుకెళ్ళాను. సినిమా అంతా ముగ్గురూ మాట్లాడలేదు. నిమజ్జనం నాడు సముద్రపు ఒడ్డున, గులాలు ఎగురుతుండగా సత్య భావూని పొడిచే చోట మాత్రం నాన్న ముందుకు వంగి తెరకేసి చూశాడు. హత్య చూసి అదిరిపడ్డాడనుకున్నాను. బయటికి వచ్చాక, ఆ గుంపులో మన మండపంవాళ్ళు ఎవరైనా కనిపించారా అని నన్ను అడిగాడు.